సునంద నవలలో నేను

జులై 7, సోమవారం

కొత్త నవల వచ్చింది. మామూలుగా అయితే సత్యం సార్ తన గదిలోంచి కేకేసి పిలుస్తారు. ఇవాళ తనే లేచి వచ్చి కాగితాల కట్ట నా బల్ల మీద పెట్టారు. “మిర్యాలగూడ నుంచి వచ్చింది. నువ్వే చూడాలె అరుణా. ప్రూఫు వేరేటోళ్లకు ఇయ్య.” పైన పేరు చూశా. సునంద. నా సునంద!

నవల రాస్తున్నట్టు ఒక్క మాట చెప్పలేదు. పదిహేనేళ్ల స్నేహం. కాలేజీలో ప్రిన్సిపాల్ విసుక్కున్నా, ఇంట్లో పప్పు మాడినా నాకు ఫోన్ వస్తుంది. నవల సంగతి మాత్రం... సర్లే. అచ్చు కాగితాలతోనే ఆశ్చర్యపరుద్దామనుకుందేమో.

పేరు ‘మూడో ప్రూఫు’. మా సూర్యాపేట లాంటి చిన్న ఊళ్లో ఒక ప్రచురణ సంస్థ, అందులో పనిచేసే నలుగురు మనుషులు. రైతుల మీద నవలలున్నాయి. పంతుళ్ల మీద, వకీళ్ల మీద ఉన్నాయి. పుస్తకాలు తయారుచేసే మా మీద ఎవరు రాస్తారు? నా ఫ్రెండు రాసింది. పొద్దంతా మనసు తేలిగ్గా ఉంది.

జులై 8

మూడు అధ్యాయాలు అయ్యాయి. బాగా రాసింది. వానాకాలం అట్టలు వంకరపోవడం, జిగురు వాసన చీరలకు పట్టడం, వెనక అట్ట మీద ఇరవై ఏళ్ల కిందటి ఫోటోనే వేయాలని రచయితలు పట్టుబట్టడం — నవ్వుకుంటూ దిద్దా.

అందులో ప్రూఫ్‌రీడర్ పేరు వసంత. తప్పు దొరికినప్పుడల్లా నాలుక చప్పరిస్తుంది. నేను అట్లా చేస్తానా? పక్క సీట్లో డీటీపీ చేసే మంజులను అడిగా.

“రోజంత గదే గదా మేడమ్,” అంది, తల కూడా తిప్పకుండా.

జులై 9

వసంత కిటికీ పక్క సీటు దొరకలేదని ఒక బస్సు వదిలేస్తుంది. నాలాగే. వసంత మొగుడు పెళ్లయిన ఆరు నెలలకు చెప్పకుండా వెళ్లిపోయాడు. నాలాగే. కళ్లద్దాలకు నల్ల తాడు.

ఐదో అధ్యాయం చివర ఒక వాక్యం. ‘పక్కవాళ్ల మాటలు దిద్దీ దిద్దీ, వసంతకు తనదంటూ ఒక మాట లేకుండా పోయింది.’

రెండుసార్లు చదివా. అక్షరదోషం లేదు. కామా సరిగ్గానే ఉంది. పెన్నుకు పని లేదు. పేజీ తిప్పేశా.

జులై 10

ఫోన్ చేశా. “వసంత నేనేనా ఏంది?” నవ్వుతూనే అడిగా.

“అందరూ జర జర ఉంటరే. నువ్వు మొత్తం సదువు, అప్పుడు మాట్లాడుకుందాం.” క్లాసుందట. పెట్టేసింది. సాయంత్రం ఆరింటికి ఏం క్లాసు?

జులై 11

పదకొండో అధ్యాయం.

చెప్పేసింది. అంతా చెప్పేసింది.

జులై 12, శనివారం

సెలవు పెట్టా. నాలుగేళ్లుగా ఈ డైరీలో కూడా రాయని సంగతి. ఎవరో చూస్తారని కాదు, రాస్తే నిజమైపోతుందని. ఇప్పుడెట్లాగూ సునంద రాతలో ఉంది. నా రాతలో కూడా ఉండనీ.

కోదాడ రాఘవయ్య గారు. మా ప్రచురణలకు పెద్ద దిక్కు. తొమ్మిది నవలలు. పదోదానికి కూర్చునేసరికి పక్షవాతంతో కుడి చెయ్యి పడిపోయింది. “నేను చెప్తాను, ఎవరో ఒకరు రాసుకోండి,” అన్నారు. సార్ నన్ను పంపారు. వారానికి మూడు రోజులు, ఆరు నెలలు. ఆయన మంచం మీద, నేను కుర్చీలో, వంటింట్లో తన పనిలో సుగుణమ్మ గారు. ఆయన భార్య. నాకు అమ్మ అనే అలవాటు.

తొమ్మిది నవలలకూ శుద్ధప్రతి రాసింది అమ్మే. ఆయన గిలుకుళ్లు ఆమెకు తప్ప ఇంకెవరికీ అర్థమయ్యేవి కావు. ఏ పుస్తకం ముందుమాటలోనూ ఆమె పేరు లేదు. నాకు తెలుసు, ముందుమాటలు కూడా అక్షరం వదలకుండా చదివేదాన్ని. కళ్లలో శుక్లాలు రాబట్టి ఆ పదో నవలకు కూర్చోలేకపోయింది.

ఊరూరా తిరిగి కథలు చెప్పే ఒక కళాకారుడి జీవితం అది. భార్య పక్కన నిలబడి వంత పాడుతుంది. పదిహేనో అధ్యాయం మధ్యలో ఉండగా రాఘవయ్య గారికి రెండోసారి వచ్చింది. దవాఖాన. మాట పోయింది. “ఆయన కళ్లు మూసేలోపు పుస్తకం చేతిలో పెట్టండమ్మా,” అని అమ్మ ఏడ్చింది. సార్ రోజూ అడిగేవారు, ఎంతవరకు వచ్చింది, ఎంతవరకు వచ్చింది. ఒకరోజు అన్నా — “చివరిదాకా చెప్పేశారు సార్, సాపు చేస్తున్నా.” ఆ అబద్ధం నా నోట్లోకి ఎట్లా వచ్చిందో.

ఇరవై రోజుల్లో రాశా. మిగిలిన సగం అధ్యాయం, ఇంకో ఐదు. ఆయన వాక్యం ఎక్కడ వంగుతుందో, ఎక్కడ తెగుతుందో నాకు తెలుసు. ఎవరూ పోల్చుకోలేదు. చివర్లో ఆ ముసలి కథకుడు భార్యతో అంటాడు: ‘అందరూ నేను కథ చెప్పిననుకున్నరు. నువ్వు వంత పాడకపోతే నా కథ ఊరి పొలిమేర దాటకపోయేది. ఏనాడూ నీ పేరు చెప్పలేదు. తప్పయింది.’

పుస్తకం వచ్చాక ఆయన నాలుగు నెలలు బతికారు. ఎడమ చేత్తో చివరి పేజీలు తిప్పారు. తర్వాత నా వైపు చూశారు, చాలాసేపు. ఆ చూపుకు అర్థం ఇప్పటికీ తెలియదు.

అమ్మ కళ్ల ఆపరేషన్ చేయించుకుని చదివింది. నా రెండు చేతులూ పట్టుకుంది. “క్షమాపణ అడిగాడమ్మా. ఇన్నేళ్లకి అడిగాడు.” ఇప్పటికీ పొద్దున కాఫీ తాగి ఆ పేజీ చదువుకుంటుంది.

దాచుకోలేక ఒక్క సునందకే చెప్పా. వాళ్ల డాబా మీద వడియాలు పెడుతూ. “నా పానం పోయినా ఎవ్వరికీ చెప్ప,” అని నా నెత్తి మీద చెయ్యి పెట్టింది.

నిజమే. చెప్పలేదు. రాసింది.

అదే రోజు, సాయంత్రం

పద్నాలుగో అధ్యాయంలో ఉన్నది ఇక్కడ ఎత్తి రాస్తున్నా: ‘ఆ క్షమాపణ వసంత ఆ ముసలామె కోసం రాయలేదు. లోకంలో ఎవరూ తనను అడగని క్షమాపణను, తానే కూర్చుని తనకోసం రాసుకుంది.’

నాకే తెలియని సంగతి నా గురించి. నిజమో కాదో... నిజమే అనుకుంటా. నా గుట్టు బయటపెట్టినందుకు కాదు, నాకన్నా ముందు నన్ను చదివేసినందుకు కడుపు మండుతోంది.

జులై 13, ఆదివారం

మిర్యాలగూడ. ఎండ. మిల్లుల ఊక కళ్లలో పడుతోంది. సునంద వరండాలో కాకరకాయలు కోస్తోంది.

“వస్తవని తెల్సు. కూసో. ఏమన్న తిన్నవా?”

“పదకొండు నుంచి పద్నాలుగు దాక తీసెయ్.”

కత్తి ఆగింది. “అవి తీస్తే నవలల ఏముంటది అరుణా?”

“నాకు మాటిచ్చినవ్.”

“పేర్లు మార్చిన గదా. ఊరు మార్చిన. పెద్దాయనను కవిని చేసిన.”

“ఈ మూడూర్లల్ల పుస్తకం పట్టినోళ్లందరికీ తెలుస్తది, ఎవరో.”

కత్తి పక్కన పెట్టింది. “సూడు. నువ్వు జిందగీల రాయవు. నీ పేరు మీద ఉండాల్సిన మాటలవి. నాకు మండింది. నీకోసమే రాసిన.”

“నాకోసమైతే నన్ను అడగాలె గదా.”

“అడిగితే ఒద్దంటవ్.”

“అందుకే గదనే అడిగేది!”

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పక్కింటామె గోడ మీంచి తొంగి చూసి వెళ్లింది.

“మరి అమ్మ సంగతేంది?” అని అడిగా. “అమ్మ సదివితే?”

“నవలల ఆమె పుస్తకం రాకముందే సచ్చిపోతది. ఆమెకు తెల్వనే తెల్వదు.”

“కోదాడల బతికే ఉంది సునందా.”

తల వంచుకుంది. “సార్ గూడ గదే అడిగిండు. మల్ల ఆయనే అన్నడు, ముసలామె గివన్ని ఏడ సదువుతది అని.”

అక్కడ ఆగిపోయా. “సార్‌కు చెప్పినవా?”

“నేను చెప్పేదేంది? ఆయనకు ఎప్పట్నించో తెల్సు.”

అన్నం పెట్టింది. కూర్చోలేదు. ఆ ఇంట్లోంచి తినకుండా రావడం ఇదే మొదటిసారి.

అటునుంచి అటే కోదాడ వెళ్లిపోదామని హుజూర్‌నగర్ మీదుగా పోయే బస్సెక్కా. అమ్మకు ఏ మాటతో మొదలుపెట్టాలి? ‘అమ్మా, ఒక సంగతి’ అనా? ‘అమ్మా, కోప్పడకండి’ అనా? నేరేడుచర్లలో దిగిపోయా. ధైర్యం అంతవరకే వచ్చింది. సూర్యాపేట బస్సు కోసం గంటన్నర నిలబడ్డా.

జులై 14

సార్ తలుపు దగ్గరికి వేయమన్నారు.

“నాలుక తిరగని మనిషి ఐదు అధ్యాయాలు ఎట్ల చెప్తడమ్మా? ముప్పై ఏండ్ల సంది పుస్తకాలు వేస్తున్న. నాకు తెల్వకుండ ఉంటదా?”

“మరి అప్పుడే ఎందుకు అడగలేదు సార్?”

“అడిగితే నువ్వు ఆపేస్తుంటివి.”

ఇద్దరిదీ ఒకే మాట. నన్ను అడగకపోవడానికి కారణం నేనేనట.

పుస్తకాల లోకం మీద నవల, అదీ మన దగ్గర నుంచి — చర్చ అయితది, నీక్కూడా పేరొస్తది, అని ఏదో చెప్పుకుంటూ పోయారు. నేను ఒక్కటే అడిగా. “ప్రూఫు నాకే ఎందుకిచ్చారు?”

కిటికీ వైపు చూశారు. “నీ చేతుల మీదికెల్లి పోతే... రేపు ఎవరన్న అడిగితే, అరుణకు తెల్సు, అరుణనే దిద్దింది అని చెప్పొచ్చు గదా.”

పదహారేళ్లు. ఈ మనిషి ముందు గట్టిగా తుమ్మి ఎరుగను.

సునంద నవలలో ప్రచురణకర్త ఉన్నాడు. దేవుడిలాంటివాడు. వసంత ఏం రాసిందో ఆయనకు తెలియనే తెలియదు, తెలిశాక కన్నీళ్లు పెట్టుకుంటాడు. గదిలోంచి వస్తుంటే సార్ అడిగారు: “ఆ పాత్ర మంచిగొచ్చింది గదా?”

జులై 16

మంజుల భోజనానికి వెళ్లింది. ఫైలు తెరిచే ఉంది. నాలుగు అధ్యాయాలు. ఒక్క నొక్కుతో పోతాయి. ఇంకోచోట కాపీ ఉంటుందని తెలుసు. అయినా...

‘తానే కూర్చుని తనకోసం రాసుకుంది’ — కొట్టేశా. ఖాళీ జాగా చూస్తూ కూర్చున్నా. మళ్లీ టైపు చేసి పెట్టేశా. రచయితను అడగకుండా ఇన్నేళ్లలో ఒక్క మాట మార్చలేదు, ఇప్పుడెందుకు మార్చాలి అనుకున్నా.

మరుక్షణం నవ్వొచ్చింది. ఒక్క మాట మార్చలేదట! ఐదు అధ్యాయాలు!

జులై 18

సునంద మెసేజ్. ‘నువ్వు నాకు అక్క లెక్క. తప్పుగ అనుకోకు.’ కిందనే ముఖచిత్రం పంపింది. బల్ల ముందు కూర్చున్న ఆడమనిషి, వెనక నుంచి. మెడ మీద కళ్లద్దాల తాడు.

నా తాడు తీసి సొరుగులో పడేశా. మధ్యాహ్నానికి రెండుసార్లు కళ్లద్దాలు పోగొట్టుకున్నా.

జులై 19

రేపు కోదాడ. వేరొకళ్ల పుస్తకంలో చదివి తెలుసుకోవడం కన్నా నా నోటితో వినడం నయం. అమ్మకు నయమో, నాకు నయమో... వెళ్లాలి.

జులై 20, ఆదివారం

దారిలో మాటలు కూర్చుకుందామనుకున్నా. మునగాల దాటేదాకా దాబాల బోర్డుల్లో తప్పులే కనిపించాయి. ‘బోజనం’. ‘స్పెషెల్’. వాటిని దిద్దుకుంటూ కోదాడ చేరా.

“రామ్మా రా. ఎన్నాళ్లయిందో! చిక్కిపోయావేంది?” పెసరట్టు పోసింది. తినేదాకా ఎదురుగా కూర్చుంది. కిటికీ పక్కన పుస్తకం. తిప్పీ తిప్పీ అట్ట అంచులు గుడ్డలా మెత్తబడ్డాయి.

చెయ్యి కడుక్కుని చెప్పా. “అమ్మా, చివరి ఐదు అధ్యాయాలు ఆయన చెప్పలేదు.”

అర్థం కాలేదు. “చెప్పకుండా నువ్వెలా రాసుకున్నావు?”

“నేనే రాశానమ్మా. ఆయనకు మాట పోయాక. ఇప్పుడు ఆ సంగతి నా స్నేహితురాలి నవలలో వస్తోంది. అందుకని...”

స్టవ్ మీద పాలు పొంగొస్తున్నాయి. అమ్మ లేచి దించి వచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. పొడిబారాక కూడా తుడుచుకుంటూనే ఉంది.

“అంటే ఆయన అడగలేదన్నమాట.”

కిటికీ పక్కన పుస్తకం వైపు చూసింది.

“తప్పయింది అన్నది... ఆయన మాట కాదు.”

“ఆయన మనసులో ఉండే ఉంటుందమ్మా...”

“నీకెలా తెలుసు?” గట్టిగా కూడా అనలేదు. “నలభై ఆరేళ్లు కాపురం చేసినదాన్ని. నాకే తెలియదే. నీకెలా తెలుసు?”

“పుస్తకం ఆయన చేతిలో పెట్టమన్నారు మీరు. అందుకే...”

“పుస్తకం రావాలన్నాను. లేని మాట ఆయన నోట్లో పెట్టమన్నానా? నేను అడిగానా నిన్ను?”

లేదు. అడగలేదు. నేనూ ఆమెను అడగలేదు.

అమ్మ కిటికీ వైపు తిరిగి, నాతో కాదన్నట్టు మాట్లాడింది. “ఆయన మీద నాకు కోపముండేది. ఇంటికి ఎవరొచ్చినా కాఫీ ఇచ్చి లోపలికి పోవడమే నా పని. రాత్రనకా పగలనకా రాసిన చెయ్యి ఇదీ అని ఒక్కరికి చెప్పలేదు. ఆ కోపం పట్టుకునే బతికాను. ఈ పేజీ చదివి, పోనీలే అని వదిలేశాను. ఇప్పుడు దాన్ని ఎక్కడని వెతుక్కోను?”

“అమ్మా...”

“ఇక వెళ్లు.”

చెప్పులు వేసుకుంటుంటే లోపల్నించి అడిగింది. “ఆ నవలలో నేనున్నానా?”

“ఉన్నారు.”

“ఏం చేస్తాను?”

“పుస్తకం రాకముందే... పోతారు.”

“చంపేసిందా.”

తలుపు వేసుకుంది. గడియ చప్పుడు విన్నాకే మెట్లు దిగా.

జులై 21

పదిరోజులుగా ఇందులో రాసుకున్నదంతా ఒకటే. సునంద నన్ను మోసం చేసింది, సార్ నన్ను మోసం చేశారు. కోదాడలో ఒక మనిషి ఇవాళ పొద్దున కాఫీ తాగి ఏం చేసి ఉంటుంది?

జులై 23

పదో అధ్యాయం దాకా దిద్దినవి సార్ బల్ల మీద పెట్టా. మిగతా కాగితాలు పెన్ను తగలకుండా ఉన్నాయి.

“ఏందిది? పొగరా?”

“కాదు సార్. నాకు చేత కాదు. కోదాడ అమ్మకు అంతా చెప్పేశా.”

కుర్చీలో ముందుకొచ్చారు. “చెప్పినవా! ఏమన్నది? కేసు గిట్ల ఏస్తదా?”

అది ఒక్కటే అడిగారు.

ప్రూఫు హైదరాబాద్‌లో ఎవరికో పంపుతున్నారట. ఆవిష్కరణ వచ్చే నెలలో, గ్రంథాలయం హాల్లో. కరపత్రం టైపు చేస్తూ మంజుల నా వైపు చూడకుండా అడిగింది — వక్తల్లో మీ పేరుంది మేడమ్, ఉంచాలా, తీసెయ్యాలా. తీసెయ్యమన్నా. సార్‌ను అడిగి తీసేస్తానంది.

జులై 25

సునంద ఫోన్. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి కూడా. మూడోసారి ఎత్తా — తప్పయిందంటుందేమోనని. దాచుకోవడం దేనికి, ఆ ఆశతోనే ఎత్తా.

“పెద్దామెకు చెప్పేసినవంటగా? సార్ చెప్పిండు. ఎంత పని చేసినవే!”

“ఊఁ.”

“ఇగ ఆఖరి అధ్యాయం మొత్తం మార్చాలె. ఆమె సచ్చిపోవుడు ఒద్దు. బతికుండంగనే తెలుసుకున్నట్టు రాస్తే... అబ్బ, ఎంత బాగుంటది! అరుణా, జర చెప్పు. నువ్వు చెప్పంగనే ఆమె ఏమన్నది? కరెక్టుగ ఏం మాటన్నది?”

కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినపడింది. పెన్ను మూత తీసిన చప్పుడు కూడా.

‘ఇప్పుడు దాన్ని ఎక్కడని వెతుక్కోను’ — ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత మంచి వాక్యమో నాకూ తెలుసు. అచ్చులో ఎట్లా ఉంటుందో కూడా కనపడింది, పేరా చివర, కింద ఖాళీ వదిలి. ఛీ.

“ఏమీ అనలేదు,” అన్నా. “పాలు పొంగుతుంటే దించింది.”

“పాలు...” అంటూ రాసుకుంది.

పెట్టేశా.

జులై 26

ఆఫీసుకు వెళ్లలేదు. నిన్నా వెళ్లలేదు. సార్ ఒకసారి ఫోన్ చేశారు, మంజుల రెండుసార్లు.

మధ్యాహ్నం కోదాడ నంబరు. “రేపు పది గంటలకి అక్కడ బస్సు దిగుతా. సూర్యాపేట స్టాండులో ఉండు.” అమ్మ గొంతు. ఎందుకని అడిగేలోపే పెట్టేసింది.

జులై 27, ఆదివారం

పదీ ఇరవైకి వచ్చింది బస్సు. గుడ్డసంచీ, గొడుగు. ఇంటికి రమ్మన్నా. రానంది. ప్లాట్‌ఫారం మీద సిమెంటు బెంచీ చూపించి కూర్చుంది. నేనూ కూర్చున్నా, మధ్యలో సంచీ పట్టేంత జాగా వదిలి.

పుస్తకం తీసి నా ఒళ్లో పెట్టింది. “ఎక్కడిదాకా ఆయన?”

వెతకాల్సిన పని లేదు. నూట డెబ్భై ఆరో పేజీ, మూడో పేరా. తీసి చూపించా.

పెన్సిలు తనే తెచ్చుకుంది. “గీత గియ్యి.”

‘బండి దిగి వాకిట్లోకి వచ్చాడు. ఆమె చాట పట్టుకుని బియ్యం చెరుగుతోంది. అతను’ — అక్కడ. ‘అతను’ అని ఆగారు ఆ రోజు. ఊపిరి తీసుకుంటున్నారనుకుని పెన్ను పట్టుకుని ఎదురుచూశా. తలెత్తేసరికి మూతి పక్కకు పోయి ఉంది. ఆ తర్వాత ఉన్నదంతా నాదే. ‘అతను ఆమె పక్కన కూలబడ్డాడు’ అని నేను రాశా.

‘అతను’ పక్కన గీత గీశా.

పుస్తకం లాక్కుంది. పెదాలు కదుపుతూ అక్కడిదాకా చదివింది. పేజీ మొదటికి వెళ్లి మళ్లీ చదివింది. ఎవరో మైకులో దేవరకొండ బస్సు గురించి అరుస్తున్నారు.

“అతను...” అంది పైకి. “తర్వాత ఏం చేస్తాడో నీకు ముందుగా ఏమన్నా చెప్పాడా?”

“లేదమ్మా. ముందుగా చెప్పే అలవాటు లేదు ఆయనకు.”

“అవును. లేదు.” ఆ గీత తడిమి, “పలకరించకుండా లోపలికి పోయి ఉండొచ్చు.”

“ఉండొచ్చు.”

“మాట్లాడి కూడా ఉండొచ్చు.”

ఇంకోసారి ఆయన తరఫున మాట్లాడే ధైర్యం నాకు లేదు.

“క్షమించండమ్మా,” అన్నా. సొంత మాట. విన్నదో లేదో కూడా తెలియదు.

ఆ నవల ఎప్పుడొస్తుందని అడిగింది. వచ్చే నెల అన్నా. ఎక్కడ అంది. గ్రంథాలయం హాల్లో అన్నా. తల ఊపింది. వస్తానందా, రాననందా, ఆపుతానందా... ఏమీ లేదు, తల ఊపింది అంతే.

కోదాడ మీదుగా విజయవాడ పోయే బస్సు వచ్చింది. లేచింది. చెయ్యి అందించా. పట్టుకోలేదు. కండక్టరు గొడుగు అందుకుంటే తనే మెట్లెక్కింది, పుస్తకంలో వేలు పెట్టుకుని. కిటికీ పక్క సీటు దొరికింది. కూర్చోగానే పుస్తకం తెరిచింది.

కింద నిలబడ్డా. బస్సు వెనక్కి తిరిగి గేటు దాటేదాకా తల ఎత్తలేదు.

గీతకు ఇవతల చదువుతోందో, అవతల చదువుతోందో కింది నుంచి కనపడలేదు.